కొట్టని కొమ్మలు

ఫిబ్రవరి 11

కొట్టేశాడు. నాతో ఒక్క మాట కూడా అనకుండా కొట్టేశాడు.

పొద్దున రంపం మోత వినబడితే పక్కవాళ్ల తోటలో అనుకున్నాను. గ్లాసు చేత్తో పట్టుకునే బయటికొచ్చి చూస్తే అన్నయ్య వాటా వైపు ఆకాశం కనబడింది. పుట్టి బుద్ధెరిగాక ఆ తోటలో అంత ఆకాశం ఎప్పుడూ చూడలేదు. పదిహేడు నీడ చెట్లు నేలమీద పడి ఉన్నాయి. వాటి కింద విరిగిన కాఫీ మొక్కలు ఎన్నో లెక్క లేదు.

నాన్న పోయాక తోటను కాలిబాటకు అటూ ఇటూ పంచుకున్నాం, నిజమే. పైసగం వాడిది, కిందిసగం నాది. నీడకు కూడా హద్దురాయి ఉంటుందా?

నీడలో కాఫీ బద్ధకంగా పెరుగుతుందట. ఫుల్ సన్‌లో అయితే రెట్టింపు కాపట. నీకెవరు చెప్పారంటే, వీడియోలో చూశానన్నాడు. ఇరవై ఏళ్లు లారీ ఇంజన్లు విప్పి బిగించినవాడు. తోటకొచ్చి రెండేళ్లు కాలేదు. మొక్కకు కూడా యాక్సిలరేటర్ ఉంటుందనుకున్నాడు.

ఫిబ్రవరి 12

వదిన వచ్చింది. మీ అన్న మొండి, నువ్వు జగమొండి, మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కను అంది. నవ్వు రాలేదు. నా సగంలో ఒక్క కొమ్మ కొట్టనివ్వనని చెప్పి పంపాను. ఒక్క రెమ్మ కూడా.

ఏప్రిల్ 27, మధ్యాహ్నం 2

చూశాను. వాడి మొక్కల మీద.

సన్నటి పురుగు, ఒంటినిండా నలుపూ తెలుపూ చారలు. ఎండ కాస్తున్న కాండం మీద చీమలా పరుగెడుతోంది. ఆగుతుంది, బెరడు పగుల్లో తోక దూర్చి గుడ్డు పెడుతుంది, మళ్లీ పరుగు. కాండం తొలిచే పురుగు. చిన్నప్పుడు నాన్న అగ్గిపెట్టెలో పెట్టి చూపించాడు. దీనికి వెచ్చటి బెరడు కావాలి, అందుకే నెత్తిన నీడ ఉంచాలి అనేవాడు. అప్పుడు అన్నయ్య పక్కనే ఉన్నాడు. వినలేదు, అగ్గిపెట్టె మీద బొమ్మ చూస్తున్నాడు.

ఇరవై మొక్కలు చూస్తే పదకొండు పురుగులు. నా వైపు ఇరవై చూస్తే ఒక్కటీ లేదు.

చెప్పాలా? గుడ్లు పగలకముందే బెరడు రుద్దేస్తే కొన్ని మొక్కలైనా మిగులుతాయి. వారం టైముంది.

చెప్పను. వీడియోలో చూసుకుంటాడు.

మే 4

చెప్పలేదు.

మే 30

మేస్త్రి కత్తి నూరుకుని వచ్చాడు. నాన్న కాలం నుంచీ ప్రతి ఏడూ వానలకు ముందు నీడ చెట్ల కొమ్మలు పలచన చేసేది ఆయనే. వద్దన్నాను. గాలీ వెలుతురూ ఆడాలి తల్లీ, గొడుగు వేరు గోతాం వేరు అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అన్నయ్య నీకేం పెట్టి పంపాడు అనేశాను.

ఆయన కత్తికి గుడ్డ చుట్టుకుని వెళ్లిపోయాడు.

పోనీ. అందరూ వాడి వైపే.

జులై 22

పదో రోజు వాన. నా సగంలో పట్టపగలే టార్చి కావాలి. వాడి మొక్కలు విరగకాశాయి. ఛీ.

అక్టోబర్ 19, సాయంత్రం

వాడి మొక్కల ఆకులు పసుపుపచ్చగా మారాయి. కాండాల మీద ఉంగరాలు తొడిగినట్టు ఉబ్బులు. వాడు ఒక మొక్కను వంచితే పెళుక్కున విరిగింది. లోపలంతా రంపపు పొట్టు. మొక్కనిండా కాయలు, పండకముందే వడలిపోయాయి. వదిన ఆ కాయలు ఒళ్లో పోసుకుని కూర్చుంది.

నేను బాట మీద నిలబడి చూశాను. ఈ రోజు కోసం ఆరు నెలలు ఎదురుచూశాను. అనాల్సిన మాటలు కూడా సిద్ధంగా ఉన్నాయి.

వాడే వచ్చాడు. నీకు తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను. ఎప్పటినుంచని అడిగాడు. ఏప్రిల్ నుంచన్నాను. చెప్తే వినేవాడివా అన్నాను.

వినేవాణ్ణి కాదు, అయినా చెప్పాల్సింది అన్నాడు.

వాడి మీద ఇంత కోపం ఎప్పుడూ రాలేదు.

నవంబర్ 8

పంట పురుగులు చూసే ఆఫీసు నుంచి మేడమ్ వచ్చింది. అన్నయ్య సగమంతా తిరిగి మూడు వందల నలభై మొక్కలకు ఎర్ర రంగు పూసింది. వేళ్లతో సహా పీకి కాల్చేయాలట, లేకపోతే వచ్చే వేసవికి మిగతావీ పోతాయట. నేను చేతులు కట్టుకుని వెనకాలే నడిచాను. మా వైపు చూడండి మేడమ్, నేను ఒక్క కొమ్మ కొట్టలేదు అన్నాను. నేనే పిలిచాను. నా నోటితో నేనే.

లోపలికి రాగానే, ఇదేంటండీ ఇంత చీకటి అంది. ఒక కాయ తెంపి బొడ్డు చూపించింది. సూదితో పొడిచినంత బెజ్జం. గోటితో చీల్చితే గింజ పొడి పొడి, మధ్యలో ఆవగింజకంటే చిన్న నల్ల పురుగు. వంద కాయలు చూస్తే నలభై మూడింటికి బెజ్జాలు. రాలిన కాయలు ఎప్పుడు ఏరించారని అడిగింది. ఏరించలేదు. మార్చి అంతా వాడిని తిట్టుకుంటూ తిరిగాను, కింద ఏముందో చూడలేదు.

ఆ పురుగుకు ఎండ కావాలి, ఈ పురుగుకు చీకటీ తేమా కావాలి, మీ ఇద్దరూ చెరొకదాన్ని పిలిచి పీట వేశారు అంది మేడమ్.

అన్నయ్య అక్కడే ఉన్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నవ్వి ఉంటే తిట్టడానికైనా ఉండేది.

నవంబర్ 9

మేస్త్రి ఇంటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని చెప్పు కుట్టుకుంటున్నాడు. తప్పయిపోయింది అన్నాను. ఆ ఒక్క మాటకు అరగంట పట్టింది. ఆయన తల ఎత్తలేదు. ఇప్పుడు కొమ్మలు కొడితే పండ్లన్నీ రాలతాయి, ముందు కాయ అన్నది లేకుండా కోయించు, కిందవి గింజ వదలకుండా ఏరించు అన్నాడు. మేలో వస్తావా అన్నాను. మేలో చూద్దాం అన్నాడు.

నోరు కోసేసుకోవాలనిపించింది. నాదే.

నవంబర్ 16

ఎండబెట్టేముందు కాయలను మరిగే నీళ్లలో మూడు నిమిషాలు ముంచాలంది మేడమ్. లోపలి పురుగు చస్తుందట. పెరట్లో పెద్ద డేగిసా పెట్టాను. నా దగ్గర కట్టెలు లేవు.

అన్నయ్య పీకిన మొక్కల మోపు తెచ్చి దాని కింద పడేశాడు. అంటించాడు. కాండాల్లో పురుగులు టప్‌టప్‌మని పేలుతున్నాయి. నేను కాయల గోతాం ముంచి పట్టుకున్నాను.

మంట చాలిందా అని అడిగాడు.

చాల్లేదు అన్నాను.

ఇంకో మోపు తెచ్చాడు.