కమడోర్‌కి బాకీపడ్డ సెల్యూట్

ఒరే రవీ,

నువ్వే గెలిచావురా. మన స్పేస్ సీరియల్లో కమడోర్ పెద్దని నువ్వూ, ఫ్లీట్ కెప్టెన్ పెద్దని నేనూ నా కిరాణా కౌంటర్ దగ్గర నాలుగేళ్లు కొట్టుకున్నాం కదా. నిన్నటి ఎపిసోడ్‌లో ఫ్లీట్ కెప్టెనే కమడోర్‌కి ముందు సెల్యూట్ కొట్టాడు, చిన్న ర్యాంక్ వాడేగా ముందు కొట్టేది. సీరియల్ ఫ్యాన్స్ ఫోరమ్‌లో జనం ఇంకా ఒప్పుకోవట్లేదు. "అది మర్యాదకి కొట్టాడు, ర్యాంక్‌కి కాదు" అంటున్నారు. నేను మాత్రం నీ పాత పోస్ట్ కింద "రవి చెప్పిందే కరెక్ట్" అని రాశాను. నువ్వు పోయి రెండు నెలలైనా, జవాబొస్తుందేమోనని పొద్దున్నుంచీ పేజీ రిఫ్రెష్ చేస్తూనే ఉన్నా.

మన పందెం గుర్తుందిగా? ఓడినవాడు షాపులో అందరి ముందూ సెల్యూట్ కొట్టాలి. గెలిచినవాడు తిరిగి కొట్టేదాకా చెయ్యి దించకూడదు.

మధ్యాహ్నం మీ లలిత ఖాళీ అట్టపెట్టెల కోసం వచ్చింది. నీ వీసా మీద ఉన్న మనిషి కదా, నువ్వు లేకుండా అమెరికాలో ఉండనివ్వరు, ఇక్కడ చాండ్లర్‌లో ఇల్లు ఖాళీ చేసి ఎల్లుండి ఇండియా వెళ్లిపోతోంది. నువ్వెప్పుడూ నిలబడే చోటే, బియ్యం బస్తాల పక్కన నిలబడింది. నాకేమైందో, సెల్యూట్ కొట్టేశాను.

"ఇదేంటన్నయ్యా?"

పందెం సంగతి చెప్పాను. "మీరు ఛస్తే ఒప్పుకోరని పందెం కాశారన్నయ్యా ఆయన నాతో," అంది. చుట్టూ చూసి, "చెయ్యి దించండి, అందరూ చూస్తున్నారు," అంది.

"వాడు కొట్టలేదు కదమ్మా ఇంకా," అన్నాను.

కానీ పెట్టెలు కారు దాకా మోయాలంటే రెండు చేతులూ కావాలి. దించేశానురా. రూల్ తప్పాను. తిట్టడానికైనా ఒక్కసారి రారా.

నీ ఫ్లీట్ కెప్టెన్