కదలకు

ఫిబ్రవరి 3, మంగళవారం

మా కళ్ళజోళ్ళ షాపులో ఎవరికి ఫ్రేమ్ పెట్టినా అమ్మది ఒకటే మాట, "కదలకండి" అని. నాకూ చిన్నపిల్లలకీ తప్ప అందరికీ అదే. ఇవాళ శాంపిల్ అంకుల్‌తో "కదలకు" అంది.

ఫ్రేమ్‌లు సప్లై చేసేది ఆయనే. కొత్త మోడల్, నల్లది, తనే పెట్టుకుని చూపించాడు. అమ్మ చెవి వెనక సరిచేసింది. సరిచేశాక కూడా వేళ్ళు అక్కడే ఉన్నాయి. మామూలుగా అయితే సార్, మీరు అంటుంది. అదే ఇంగ్లీష్‌లో అనుంటే నాకు తెలిసేదే కాదు.

వెనక గదిలో నాన్న లెన్సులు అరగదీస్తున్నాడు. సరిగ్గా అప్పుడే మిషన్ ఆగింది.

ఫిబ్రవరి 4

నాన్న విన్నాడా? భోజనాల దగ్గర మామూలుగానే ఉన్నాడు. నా మ్యాథ్స్ మార్కులు కనబడాలంటే తనకి భూతద్దం కావాలట. అమ్మ మరీ గట్టిగా నవ్వింది.

వినలేదేమో.

ఫిబ్రవరి 12, సాయంత్రం

స్కూల్ తొందరగా వదిలేశారు. నాన్న సరుకు తేవడానికి వెళ్ళాడు. షాపు షట్టర్ సగం దించి ఉంది. లోపల శాంపిల్ అంకుల్, ఇంకెన్నాళ్ళు, వచ్చెయ్ అంటున్నాడు. అమ్మ ఏడుస్తోంది. ఊళ్ళో అందరి కళ్ళూ చూసే నాన్న తన మొహం చూసి ఎన్నేళ్ళయిందో అంది. తర్వాత మెల్లగా,

"పిల్ల పరీక్షలు అయిపోనీ."

పిల్ల అంటే నేను. వెనక్కెళ్ళి బస్టాప్‌లో కూర్చున్నా. రెండు బస్సులు వదిలేశా.

మార్చి 2

క్లాసులో అందరూ పరీక్షలు ఎప్పుడైపోతాయా అంటున్నారు. ఫెయిలైతే మళ్ళీ రాయాలి కదా. సీరియస్‌గా ఆలోచిస్తున్నా.

మార్చి 7

నాన్న అడిగేశాడు. అమ్మ లేని టైం చూసి. మిషన్ తుడుస్తూ, నా వైపు చూడకుండా.

"ఆ రోజు అమ్మ కదలకు అంది. ఎవరితోరా?"

"నాతోనే నాన్నా. ఫ్రేమ్ పెట్టుకుని చూస్తున్నా."

ఏ ఫ్రేమో చూపించమన్నాడు. తడుముకోకుండా ఆ నల్లదే చూపించా. కుర్చీలో కూర్చోబెట్టి టెస్ట్ చేశాడు. చిట్టచివరి లైన్ దాకా గడగడా చదివేశా.

అప్పుడు వెలిగింది. తప్పులు చదవాల్సింది.

నాన్న లైట్ ఆపేశాడు. వెళ్ళి చదువుకోమన్నాడు. అంతే.

మార్చి 10

నాన్న అమ్మ ముందే నాకో బాక్స్ ఇచ్చాడు. నల్ల ఫ్రేమ్. దీనికి సైట్ ఎప్పుడొచ్చింది, నాకెందుకు చెప్పలేదు అని అమ్మ గొడవ.

"నువ్వే కదా పెట్టి చూశావు," అన్నాడు నాన్న. "కదలకు అన్నావట."

అమ్మ నా వైపు చూసింది. కాస్త సరిచెయ్యమని నాన్న అన్నాడు. నా చెవుల వెనక అమ్మ వేళ్ళు చల్లగా ఉన్నాయి. కదలకు అనలేదు. నేను కదల్లేదు.

మార్చి 27

ఆఖరి పరీక్ష అయిపోయింది. అమ్మ ఇంకా ఇంట్లోనే ఉంది. నా అద్దాలకి పవర్ లేదు. అయినా పడుకునేటప్పుడు కూడా నేను తియ్యట్లేదు.