హెడ్మాస్టరు గారి నీలం కారు

సోమవారం

పిన్నికి, నమస్కరించి రాస్తున్నాను.

మోకాలి ఆపరేషన్ బాగా జరిగిందనీ, వ్యాయామాలు చేయించడానికి వచ్చే అమ్మాయిని అప్పుడే రెండుసార్లు ఏడిపించావనీ చెల్లి రాసింది. నువ్వు కోలుకున్నావని మాకు నమ్మకం కుదిరింది.

నీ కారు గురించి బెంగ పెట్టుకోకు. మా షెడ్డులో, నువ్వు కప్పిన కవరు కిందే చల్లగా ఉంది. వారానికోసారి స్టార్ట్ చేసి, పది నిమిషాలు ఉంచి ఆపేస్తున్నాను. అది బాబాయి చేత్తో వేసిన చివరి పెయింటని వెళ్ళేముందు పదకొండుసార్లు చెప్పావు. నాకు గుర్తుంది.

ఇది వేరే సంగతి. మా హెడ్మాస్టరు గారికి ఒక కారుంది. అదీ నీలం రంగే. లోకంలో నీలం కార్లు చాలా ఉంటాయి కదా. ఆయన తెలివితక్కువగా, బానెట్ మీద పడ్డ పిట్ట రెట్టని అంట్లు తోమే పీచుతో రుద్దారు. రెట్ట పోయింది గానీ దాని చోట అరచేయంత మేర గీతలు మిగిలాయి. వచ్చే నెల మొదటి ఆదివారం లోపల అది మళ్ళీ అద్దంలా అవ్వాలట. ఆ రోజు ఆయన బంధువు ఒకావిడ వస్తుందట. ఆవిడ నోరు మంచిది కాదట. మొహమాటానికి పోయి నేను చేసిపెడతానన్నాను. మెషిన్ పాలిష్ కొత్తగా నేర్చుకునేవాడు ఎక్కడ మొదలుపెట్టాలో రాయగలవు.

ఇట్లు,
నీ అక్క కొడుకు

తా.క.: మెషిన్ కొనేశాను. హార్డ్‌వేర్ షాపాయన మంచిదే ఇచ్చాడు. భలే స్పీడుగా తిరుగుతోంది.

గురువారం

పంతులుకి, పిన్ని ఆశీస్సులు. ఇవ్వకపోతే మీ అమ్మ నొచ్చుకుంటుందని ఇస్తున్నాను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాసి మంచి పని చేశావు. ముప్పై ఏళ్ళు కార్లకి పాలిష్ పెట్టిన మెషిన్ మోతకి నా చెవులు ఎప్పుడో పోయాయి. నీ నసుగుడు ఫోనులో అసలు వినపడదు.

పీచుతో కారు తోమిన మనిషికి ఒక బడిని అప్పగించారంటే ఆ పిల్లల మీద జాలేస్తోంది. ఆయన కింద నువ్వు లెక్కలు చెబుతున్నావంటే ఆ జాలి రెట్టింపవుతోంది.

స్పీడుగా తిరుగుతోందని మురిసిపోయావే, దానికి చక్రం మీద ఇనప తొడుగుందా? ఉంటే అది గ్రైండరు. దానితో కిటికీ చువ్వలు కోస్తారు. వెళ్ళి ఇచ్చేసి, ఊగుతూ తిరిగే పాలిష్ మెషిన్ కావాలని అడుగు. వాడు నవ్వితే నవ్వనీ, ఇప్పటికే ఒకసారి నవ్వుకుని ఉంటాడు.

ఇక పని. ముందు బండి కడుగు. బాగా కడిగాను అనుకున్నాక ఇంకోసారి కడుగు. బెల్టు తీసెయ్, ఉంగరం తీసెయ్, చొక్కా గుండీల మీద ఏప్రాన్ కట్టుకో. నువ్వు బండి మీద వాలి పనిచేస్తావు, నాకు తెలుసు, చిన్నప్పుడు హోంవర్కు కూడా అలాగే చేసేవాడివి. నీడలో చెయ్యి, రేకు చల్లగా ఉండాలి. అంచులన్నిటికీ టేపు వెయ్యి. ఒకసారికి రెండడుగుల చదరం, అంతే. ఫోము ప్యాడు మీద శనగగింజంత కాంపౌండు, అదే పాలిష్ పేస్టు, నాలుగు చుక్కలు పెట్టి, ప్యాడుని రేకుకి ఆనించు.

పేజీ తిప్పు.

ఆనించాకే స్విచ్ వెయ్యి. గాలిలో వెయ్యకు. అడ్డంగా నెమ్మదిగా ఒకసారి, నిలువుగా నెమ్మదిగా ఒకసారి. నీ బలం చూపించకు, ఆ కాస్త బలం తాళాలు తియ్యడానికి దాచుకో.

నా బండి కవరు కొస కూడా ఎత్తకు. నేనూ వచ్చే నెల మొదటి ఆదివారమే వస్తున్నాను.

ఉంటాను,
పిన్ని

తా.క.: హెడ్మాస్టరు బంధువు నోరు మంచిది కాదన్నావు. చూడకుండానే నాకావిడ నచ్చింది.

మంగళవారం

పిన్నికి, వంగి నమస్కరిస్తూ (నడుం ఇంకా పట్టేసే ఉంది),

అది గ్రైండరే. మార్చుకున్నాను. షాపాయన నవ్వలేదు, లోపలికి వెళ్ళి వాళ్ళన్నయ్యని పిలుచుకొచ్చాడు. ఇద్దరూ కలిసి నవ్వారు.

హెడ్మాస్టరు గారి బండి కడిగి, టేపు వేసి, నాలుగు చుక్కలు పెట్టి స్విచ్ వేశాను. గాలిలో. చుక్కలు నాలుగూ నాలుగు వైపులా వెళ్ళాయి. ఒకటి గోడ మీద, ఒకటి సీలింగ్ మీద, ఒకటి ఆరేసిన దుప్పటి మీద, ఒకటి ఏం జరిగిందోనని వచ్చిన మీ కోడలి కళ్ళజోడు మీద. నువ్వు చెప్పలేదనడం లేదు. ఆ వాక్యం పేజీ రెండోవైపు ఉంది. నేను మొదటివైపు చదివి పనిలో దిగాను.

తరవాత వెలుతురు బాగుంటుందని బండిని ఎండలోకి తెచ్చాను. కాంపౌండు రేకు మీదే పిండిలా ఎండిపోయింది. దాన్ని తుడిచేసరికి మధ్యాహ్నం అయింది. మళ్ళీ నీడలోకి తెచ్చి, నువ్వు చెప్పినట్టే అడ్డంగా, నిలువుగా చేశాను. పిన్నీ, గీతలు పోయాయి. ఆ రెండడుగుల్లో నా మొహం కనిపించింది, రెండు రోజుల గడ్డంతో సహా. కాసేపు అక్కడే నిలబడి చూసుకున్నాను.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఆ చదరం మెరిసేసరికి పక్క చదరం మట్టికొట్టుకున్నట్టు కనిపించింది. అదీ చేశాను. అప్పుడు బానెట్ మెరిసి, తలుపులు వెలవెలపోయాయి. ఇప్పుడు హెడ్మాస్టరు గారు బండి మొత్తం చెయ్యమని కూర్చున్నారు. మొదలుపెట్టినవాడికి ఆపే చోటు ఎక్కడుంటుందో నువ్వు రాయలేదు.

ఇంకొకటి. మెషిన్ అదురుకి డ్రైవరు తలుపు లోపల అంటించి ఉన్న కాగితం ఊడిపడింది. 'తలుపు మెల్లగా వెయ్యి, ఇది మీ తాత బీరువా కాదు' అని దాని మీద రాసుంది. జాగ్రత్తగా మళ్ళీ అంటించాను.

నీ బండి క్షేమం. కవరు కింద ఉంది.

ఇట్లు,
నీ అక్క కొడుకు

తా.క.: మీ కోడలు నీ ఆరోగ్యం అడిగింది. దుప్పటి మీద కాంపౌండు మరక ఎలా పోతుందో కూడా అడిగింది. రెండోదే ముందు అడిగింది.

శుక్రవారం

పంతులుకి, పిన్ని దీవెనలు, ఈసారికి సగమే.

మరక పోదు. ఆ దుప్పటి నీకే కప్పమని కోడలితో చెప్పు.

తలుపు మీద ఆ కాగితం అంటించిన మనిషి ఎవరో గానీ, ఆ హెడ్మాస్టరు ఇంట్లో బుర్ర ఉన్నది ఆ ఒక్కరికే. మిగతావాళ్ళు పీచు పట్టుకుని తిరుగుతున్నారు.

ఒక చదరం మెరవగానే బండి మొత్తం చేసెయ్యాలనిపించడం కొత్తవాళ్ళందరికీ వచ్చే జబ్బే. నువ్వు అందరికంటే గొప్పవాడివేం కావు, అది నీకూ వచ్చింది. అంచుల జోలికి మాత్రం వెళ్ళకు. రేకు వంగిన చోట పెయింటు పల్చగా నిలుస్తుంది. మెషిన్ అక్కడ ఒక్క క్షణం ఆగిందా, రంగు పోయి కింద బూడిదరంగు ప్రైమరు పలకరిస్తుంది. దాన్నే మేం అంచు కాల్చడం అంటాం. ముప్పై ఏళ్ళలో నేను ఒక్క అంచు కూడా కాల్చలేదని మీ బాబాయి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు.

హెడ్మాస్టరు బండి అంచు కాలిస్తే ఆయన ఇంకో పెయింటరు దగ్గరికి వెళ్తాడు. నా బండికైతే ఎవరు వేస్తారు? ఆ చెయ్యి పోయి ఆరేళ్ళయింది. అందుకే దాని మీద నాకంత చాదస్తం. నవ్వుకుంటే నవ్వుకో.

లెక్కలు చెప్పే మనిషి చేత చాకిరీ చేయించుకుంటున్నందుకు మీ హెడ్మాస్టరుకి నేనే ఒక ఉత్తరం రాశాను, బడి అడ్రసుకి. నాలుగు పేజీలు వచ్చింది. పీచు గురించే రెండు పేజీలు.

ఉంటాను,
పిన్ని

తా.క.: నువ్వు ఏప్రాన్ కట్టుకున్నట్టు ఎక్కడా రాయలేదు. బెల్టు తీశావో లేదో కూడా రాయలేదు. నువ్వు రాయని వాటి మీదే నాకు అనుమానం.

ఆదివారం

పిన్నికి,

నమస్కారాలు తరవాత పెడతాను. దయచేసి హెడ్మాస్టరు గారికి ఉత్తరం పంపకు. పంపేసి ఉంటే, అందలేదని ఇంకో ఉత్తరం రాసి చెప్పు. ఆయన సెలవులో ఉన్నారు. ఆయనకి కళ్ళు సరిగా కనపడవు. ఉత్తరాలు చదివితే తల తిరుగుతుందట.

అంచు కాల్చాను పిన్నీ.

బానెట్ ఎడమ అంచు, హెడ్‌లైటుకి జానెడు పైన. టేపు తీసేశాక దాని కింద సన్నటి మసక గీత మిగిలింది. ఒక్కసారి మెషిన్ తగిలించి తీసేద్దామనుకున్నాను. నిజంగా ఒక్కసారే. గోరంత మేర రంగు పోయి బూడిదరంగు తేలింది. వేలితో తుడిచాను, మురికేమో అనుకుని. మురికి కాదు.

హెడ్మాస్టరు గారు షెడ్డు మెట్టు మీద కూర్చుండిపోయారు. రెండు రోజులుగా ఆయనకి అన్నం సహించడం లేదు. బడిలో ఏడెనిమిదులు ఎంతో పిల్లలే ఆయనకి చెప్పాల్సి వచ్చింది. ఆ బండి ఆయనది కూడా కాదు. చిన్నప్పట్నుంచి ఆయన్ని తిట్టి తిట్టి పెంచిన మనిషి, ఇంకెవరినీ నమ్మక ఆయనకి అప్పగించింది. అందులో ఆవిడకి తిరిగిరానిది ఒకటుంది. దాన్ని ఆయన చెరిపేశారు. వచ్చే ఆదివారం ఆవిడ దిగుతుంది. ఆవిడ తిడుతుందని ఆయనకి భయం లేదు. తిట్టకుండా ఊరుకుంటుందేమోనని భయం.

ఆయన ఆవిడకి ఏం చెప్పాలి? నువ్వైతే ఏం వినాలనుకుంటావు?

ఇట్లు,
నీ అక్క కొడుకు

తా.క.: బెల్టు తియ్యలేదు. దాని గీత వెనక తలుపు మీద ఉంది.

బుధవారం

ఒరే వెధవా,

ఆశీస్సులు పూర్తిగా ఇస్తున్నాను, జాగ్రత్తగా వాడుకో.

ఎవరూ అడక్కుండా 'లోకంలో నీలం కార్లు చాలా ఉంటాయి' అని రాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. తలుపు మీద కాగితం గురించి రాశాక అనుమానం కూడా మిగల్లేదు. ఆ కాగితం నిన్ను ఉద్దేశించే రాశాను, నువ్వు దాన్ని ఇంకెవరికో అనుకుని చదివావు. అబద్ధం ఎంత దూరం లాగుతావో చూద్దామని ఊరుకున్నాను. పీచుకి నిన్ను తిట్టాల్సిన తిట్లన్నీ పాపం మీ హెడ్మాస్టరు తిన్నాడు.

ఇప్పుడు నేను రాసేది మీ అమ్మకి కూడా చెప్పకు.

ఎడమ అంచు, హెడ్‌లైటుకి జానెడు పైన, గోరంత మేర. ఆ అంచు కాల్చింది నువ్వు కాదు. నేను.

మీ బాబాయి ఆ బండికి రంగు వేసి, ఆరాక నా చేతికిచ్చి, స్టూలు మీద కూర్చున్నాడు. అప్పటికే ఆయనకి నిలబడే ఓపిక లేదు. ఆ పూట మందుబిళ్ళ వేసుకోలేదని, మెషిన్ మోతలో వినపడాలని గట్టిగా తిడుతూ పాలిష్ చేస్తున్నాను. తిట్టడానికి ఆయన వైపు తిరిగాను. నా నోరు ఆడుతూనే ఉంది, చెయ్యి మాత్రం ఆగిపోయింది, అంచు మీద. ముప్పై ఏళ్ళ అనుభవం రెండు క్షణాల్లో బూడిదరంగైపోయింది. ఆయన చూశాడు. మర్నాడు గోడ పట్టుకుని నడిచివచ్చి, సన్నటి బ్రష్షుతో మిగిలిన రంగు అద్ది, 'కనపడదులే' అన్నాడు. ఆ తరవాత కూడా వచ్చినవాళ్ళందరికీ నేను ఒక్క అంచు కాల్చలేదనే చెప్పాడు. నా మొహం చూస్తూ చెప్పేవాడు, నవ్వేవాడు కాదు.

బ్రష్షుతో అద్దిన రంగు మెషిన్‌కి ఆగదు. నువ్వు లేపింది ఆ రంగునే. నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. ఎందుకో నాకే తెలియలేదు. ఆరేళ్ళుగా నేనొక్కదాన్నే చూస్తున్న చోటుని ఇంకొకరు చూశారు, అందుకేమో.

అన్నం తిను. మా షెడ్డు తాళంచెవి నీ దగ్గరే ఉందిగా. బీరువా కింది అరలో పాత బిస్కెట్ డబ్బా ఉంటుంది. అందులో ఆ రంగున్న ఒక చిన్న సీసా, దాని మీద మీ బాబాయి చేతిరాత. మూత తియ్యకు. ఇంకో రెండుసార్లు అద్దడానికి సరిపోతుంది. ఆదివారం వచ్చి నేను అద్దుతాను. నువ్వు స్టూలు మీద కూర్చో. మాట్లాడకు. నేనూ మాట్లాడను.

మిగతా సగం బండి నువ్వే పూర్తి చేద్దువుగాని. అప్పుడు తిడతాను, నీ వైపు తిరగకుండా.

పిన్ని

తా.క.: మీ హెడ్మాస్టరు జవాబు రాశాడు. ఆయన సెలవులో లేడట, కళ్ళు బాగానే ఉన్నాయట, కారు లేదట. పదిహేనేళ్ళుగా సైకిలు మీదే వస్తున్నాడట. దానికి మెషిన్ పాలిష్ పెట్టించాలంటే ఎవరిని కలవాలని అడిగాడు. నీ పేరు రాశాను.