శ్రమదినాల్లో ఫ్రీ కీ

ఫిబ్రవరి 18, భస్మ బుధవారం

తీర్మానించాను! ఈస్టరు ముందొచ్చే ఈ నలభై శ్రమదినాలూ మా చర్చి సంఘమంతా మాంసం మానేస్తుంది. అదేమంత గొప్ప? నేను దొంగ గేములు మానేస్తున్నాను. ఫ్రీ లైసెన్స్ కీలు వెతకడం బంద్. ఆడితే కొనుక్కునే ఆడతాను. (చేపల పులుసు మానలేదు. చేపకి లైసెన్స్ అక్కర్లేదు కదా.)

మా ఆవిడ బిందుకి చెప్పాను. "ఆయ్, చూద్దామండి" అంది. ఆ గొంతులో విశ్వాసం ఆవగింజంత కూడా లేదు!

ఫిబ్రవరి 20

పడవ పందేల గేమొకటి కొత్తగా వచ్చింది. ధర చూశాను. వెంటనే ప్రభువు గుర్తొచ్చాడు. కొనలేదు. దొంగతనంగా దించుకోనూ లేదు. నా అంతటివాడు రాజోలు మొత్తంలో లేడు.

ఫిబ్రవరి 24

ఆ గేముకి ఫ్రీ కీ ఇస్తామని ఒక వీడియో. చూడటం పాపం కాదు. కింద వందలమంది "థాంక్యూ బ్రో, పనిచేసింది" అని రాశారు. అందరిదీ అక్షరం తేడా లేకుండా ఒకటే మాట. మా సంఘంలో ఇంత ఐకమత్యం ఏనాడైనా చూశామా?

ఫిబ్రవరి 26

బిందు బడికి పాఠాలు చెప్పడానికి వెళ్ళింది. ల్యాప్‌టాప్ తనదే. అందులో మా చర్చి పాత ఫోటోలున్నాయి. ఏడాదిపాటు ఇంటింటికీ తిరిగి స్కాన్ చేయించింది. మట్టల ఆదివారం నాడు చర్చి నూరేళ్ళ పండగలో తెర మీద వెయ్యాలి. వాటి జోలికి నేనెందుకు వెళతాను?

కీ దించాను. దించడం వేరు, ఆడటం వేరు. ముందు యాంటీవైరస్ ఆపమన్నాడు వీడియోవాడు. ఆపాను. ఇంటికి చుట్టం వస్తే కుక్కని కట్టెయ్యమూ?

10.15: తెర మీద నల్ల కిటికీ ఒకటి తెరుచుకుని మూసుకుంది. కీ లేదు, గేమూ లేదు.

10.40: ఫోటోలు ఒక్కటీ తెరుచుకోవడం లేదు!! తెర మీద ఉత్తరం: "ప్రియ మిత్రమా, నీ ఫైళ్ళకి తాళం వేశాం. తియ్యాలంటే డబ్బు పంపు." మర్యాదలో మా గోదారోళ్ళని మించిపోయాడు.

ఫిబ్రవరి 27

అమలాపురంలో రిపేరు షాపాయన చూసి పెదవి విరిచాడు. కరెంటు హెచ్చుతగ్గులకి పాడైందని బిందుకి చెప్పాను.

సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. ఎవరికేం ప్రార్థన కావాలో చెప్పమన్నారు. ఉండబట్టలేక, "ఒక సహోదరుడి కంప్యూటర్ బాగోలేదండి" అన్నాను. ఎందుకీ నోటిదూల!

పక్కవీధి సూరమ్మగారు కళ్ళు తెరిచారు. "ఏ సహోదరుడు బాబూ? ప్రభువుకైతే తెలుస్తాది గానీ మాకెలా తెలుస్తాదండి?"

అందరూ నాకేసే చూశారు. బిందు లోపలికెళ్ళి ల్యాప్‌టాప్ తెరిచింది. ఉత్తరం చదువుకుని బయటికొచ్చింది. తిట్టలేదు.

"ఇందులో సూరమ్మగారి పెళ్ళిఫోటో ఉందండి. స్కాన్ అయ్యాక మొన్నటి వరదకి ఏటి మధ్య లంకలో వాళ్ళ ఇల్లు మునిగినప్పుడు అసలుది గోదారి పట్టుకుపోయింది. చనిపోయిన వాళ్ళాయన ఫోటో ఇదొక్కటేనండి" అంది.

సూరమ్మగారు బైబిలు మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత "పోన్లెండి" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

మార్చి 1, ఆదివారం

పొద్దున్నే ఇంకో వీడియో. తాళం పడ్డ ఫోటోలు తెరిచే సాఫ్ట్‌వేర్, ఫ్రీ కీతో సహా! ఇది ఆట కాదు, సేవ. గబగబా ల్యాప్‌టాప్ తెరిచాను. బిందు పాస్‌వర్డ్ మార్చేసింది. కట్టుకున్న మొగుడి మీద ఇంత అనుమానమా!

ఆరాధన అయ్యాక సూరమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఆయన దొరికేరా బాబూ?"

"వెతుకుతున్నానండి" అన్నాను.

ఇంటికొచ్చి మళ్ళీ రాసుకుంటున్నాను. ఇవాళ్టి నుంచి ఫ్రీ కీలు ముట్టను. ఈసారి ఒట్టు ప్రభువు మీద పెట్టలేదు, ఆయన క్షమించేస్తాడు. సూరమ్మగారి మీద పెట్టాను.