ఎడమకు లాగే కారు

1949 ఏప్రిల్ 17, ఆదివారం. సూర్యాపేట.

ఊరు వదిలి హైదరాబాదు చేరిన ఒక దొర దగ్గర కొన్న పాత కారు. పరుగులో లోపం లేదు. లోపమంతా ఆగడంలోనే. బ్రేకు ఒకసారి తొక్కితే పెడల్ నేలను తాకుతుంది. మళ్లీ తొక్కితే గట్టిపడుతుంది, అప్పుడు కారు ఎడమకు లాగుతుంది. నిన్న అలా లాగే, తోటి వకీలు గారి ప్రహరీ గోడను పలకరించి వచ్చాం.

తీర్మానం: లోపమేమిటో నేనే కనిపెట్టి బాగుచేస్తాను. మెకానిక్కుకు చూపించను. బాగయ్యేదాకా నడపను. ఏళ్ల తరబడి కోర్టులో సాక్షుల అబద్ధాలు పట్టుకుంటున్నవాణ్ని. ఈ ఇనుము నన్ను మోసం చేస్తుందా?

గడువు: మే 12. ఆరోజు మిర్యాలగూడలో మా తమ్ముడు శ్రీనివాస్ పెళ్లి. పిల్లవాడు నోట్లో నాలుక లేనివాడని పెళ్లికూతురు సువర్ణ మేనమామలు వెనక్కి తగ్గితే, "పెండ్లికొడుకు మీ ఇంటి ముందర మోటరుల దిగుతడు" అని నేనే మాటిచ్చి సంబంధం నిలబెట్టాను.

ఏప్రిల్ 18.

కారును జాకీ మీద లేపాను. నా భార్య ఈశ్వరమ్మ పెడల్ దగ్గర, నేను ముందు చక్రాల దగ్గర.

"తొక్కు."

"తొక్కిన."

ఎడమ చక్రం బిగుసుకుంది. కుడిది తిరుగుతూనే ఉంది. కుడిది పట్టడం లేదు కాబట్టే ఎడమకు లాగుతోంది. ఎంత సులువు. మెకానిక్కులు దీని మీదనా బతుకుతున్నది!

"మరి కుడిది ఎందుకు పడ్తలేదు?" అని అడిగింది ఈశ్వరమ్మ.

అది రేపు చూసుకునే సంగతి అన్నాను.

ఏప్రిల్ 21.

కుడి చక్రం విప్పాను. లోపలంతా తడి. మూసీ దాటినప్పుడు పట్టిన నీళ్లని తేల్చి, ఎండలో ఆరబెట్టాను. సాయంత్రమైనా ఆరలేదు.

ఈశ్వరమ్మ వేలితో తాకి చూసింది. "నీళ్లయితే గింత జిడ్డెందుకుంటది?"

బ్రేకు నూనె కారుతోంది. అదే మాట సరిగ్గా అప్పుడే నాకూ తట్టింది. ఇద్దరికీ ఒకేసారి తట్టిందని ఇక్కడ రాసుకుంటున్నాను.

ఏప్రిల్ 26.

తుడిచాను. బిగించాను. ఒక మరమేకు మిగిలింది. ఎక్కడిదో తెలియదు. అంత ముఖ్యమైనదైతే కనిపించే చోటే ఉండేది కదా. తగ్గిన నూనెకు బదులు ఆముదం పోశాను. ఇది పూర్తిగా నా సొంత ఆలోచన. ఇంట్లో ఆముదం ఖతం. ఈశ్వరమ్మ ఖాళీ సీసా తెచ్చి నా ముందు పెట్టింది.

మే 2.

వడగాడ్పు. ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ఇవాళ విశ్రాంతి. నిన్న కూడా విశ్రాంతే.

మే 5. కోదాడ.

నడపనని రాసుకున్న మాట నిజమే. కాని కోదాడలో కక్షిదారును కలవాలి, బస్సు వెళ్లిపోయింది. పైగా నడపకుండా బ్రేకు కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది? ఇది నడపడం కాదు, పరీక్ష.

కక్షిదారు ఇంటి ముందు తొక్కాను. ఇల్లు దాటిపోయింది. కక్షిదారు అరుగు మీద నుంచి నమస్కారం పెట్టాడు, నేనూ పెట్టాను. చివరికి బస్సులు ఆగే చోట ఇసుక కుప్పలో కారు దిగబడింది. పక్కనే సైదయ్య మోటారు షెడ్డు. మెకానిక్కు దగ్గరికి నేను వెళ్లలేదు. కారు వెళ్లింది.

సైదయ్య కారు చుట్టూ తిరిగి నవ్వాడు. "లోపల రబ్బరు పోయిందండి. బెజవాడ నుంచి రావాలి. అందాకా నూనె నిండుగా పోసి, మంచి హారన్ ఒకటి బిగిస్తాను."

"నేనడుగుతున్నది బ్రేకు గురించి."

"అదేనండి. మనం ఆగకపోతే మాత్రమేం, వాళ్లు తప్పుకుంటారు కదా."

వాదనలో బలముంది. బిగించమన్నాను.

మే 13. మిర్యాలగూడ.

నిన్నటి సంగతి ఇవాళ రాస్తున్నాను.

బెజవాడ నుంచి రబ్బరు రాలేదు. అయినా పెళ్లికొడుకును కారులోనే తీసుకువెళ్లాను. నా పక్కన బాసింగంతో శ్రీనివాస్, వెనక ఈశ్వరమ్మ, ముందు సన్నాయి మేళం. సువర్ణ వాళ్ల వీధి చదునుగా కనిపించే పల్లం. పందిరి ముందు ముత్తైదువలు హారతి పళ్లెంతో నిలబడ్డారు. తొక్కాను. పెడల్ నేలను తాకి అక్కడే ఉండిపోయింది. మళ్లీ తొక్కినా అంతే. హ్యాండ్ బ్రేకు లాగితే ఊడి చేతికొచ్చింది. హారన్ మాత్రం పనిచేసింది. మేళం రెండుగా చీలి దారి ఇచ్చింది.

"అన్నా, ఇల్లు పోయింది," అన్నాడు శ్రీనివాస్.

"ఎరుకే."

వెనక నుంచి కేక: "పెండ్లికొడుకు పారిపోతుండు! పట్టుండ్రి!"

సువర్ణ మేనమామలు కర్రలతో ఉరికొస్తున్నారు. కంగారులో నా కాలు దేని మీద ఉందో నాకే తెలియదు. వేగం పెరిగింది. ఒక మలుపు, ఇంకో మలుపు, మళ్లీ అదే పందిరి. ఈసారి ముత్తైదువలు హారతి ఎత్తను కూడా లేదు.

"ఇంజను బంద్ జేస్తె ఆగదా?" అంది ఈశ్వరమ్మ.

మొదటి చుట్టులోనే అనవలసిన మాట. బంద్ చేశాను. కారు పల్లంలోకి జారి, పెళ్లివారి పెరటి కంచె తోసుకుని, గడ్డివాములో దూరి ఆగింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. శ్రీనివాస్ పెదవులు తెల్లబడ్డాయి. నా గొప్ప కోసం వాడి పెళ్లి చెడగొట్టాననుకున్నాను.

పెరటి గుమ్మంలో పెళ్లిచీరతో సువర్ణ. చప్పుడు విని వచ్చినట్టుంది. శ్రీనివాస్ గడ్డిలోంచి దిగాడు. నలుగురిలో నోరు విప్పని మా తమ్ముడు, నేరుగా ఆ పిల్లతోనే అన్నాడు.

"కారుకు బ్రేకు లేదు. నేనైతె పారిపోలె."

"కిటికిలకెళ్లి సూసిన," అంది సువర్ణ. "రెండుసార్లు పోయిండ్రు. రెండుసార్లు మా ఇంటి దిక్కే సూసుకుంట పోయిండ్రు."

మేనమామలు రొప్పుతూ వచ్చిపడ్డారు. ఆ పిల్ల వాళ్ల వైపు తిరిగి, "మామా, గా కట్టె పడెయ్. జర ఆయన మీది గడ్డి దులుపు," అంది.

ముహూర్తం తప్పలేదు.

మే 22, ఆదివారం. సూర్యాపేట.

పెళ్లయ్యాక ఎడ్లతో లాగించి తెచ్చిన కారు మీద గోనెపట్టాలు కప్పే ఉంచాను. బ్రేకుల జోలికి పోకూడదని కొత్త తీర్మానం. అమ్మేస్తానని సైదయ్యకు కబురు కూడా పంపాను. మనసు తేలికపడింది.

ఇవాళ సువర్ణ వాళ్ల నాయన మనిషి వచ్చాడు. అమ్మాయిని, అల్లుణ్ని పుట్టింటికి పంపమని, ఎడ్లబండి వాళ్లే తోలిస్తారని, మా కారుకు శ్రమ వద్దని చెప్పాడు. శ్రమ అన్నప్పుడు నవ్వు ఆపుకున్నాడు. సరే అన్నాను.

కాసేపటికి ఈశ్వరమ్మ లోపల్నుంచి వచ్చింది. "సువర్ణ బండెక్కదంట. కార్లనైతెనే పోతదంట."

"ఆగకపోతెనో?"

"నేనూ గదే అడిగిన. ఆగకపోతె ఇంకో సుట్టు తిరుగుదం అంటది. పెండ్లినాడు ఆ సుట్లు కిటికిలకెళ్లే సూసిందట, తనే కార్ల లేకపాయెనట."

పట్టాలు తీసేశాను. జాకీ పెట్టాను. మెకానిక్కుకు చూపించను. బాగయ్యేదాకా నడపను. కుడి చక్రం నుంచే మొదలు. పెడల్ దగ్గర శ్రీనివాస్ కూర్చున్నాడు, వాడి పక్కన సువర్ణ. తొక్కమని చెప్పాను. ఇద్దరూ నవ్వుకుంటున్నారు, నా మాట వినిపించుకోవడం లేదు.