మొదటి ఆటకి చల్లిన కాగితాలు

శుక్రవారం రాత్రి, కానింగ్ వేల్

చేతులు ఇంకా ఒలికిన కూల్‌డ్రింక్‌తో జిగురుగానే ఉన్నాయి. మళ్ళీ కాగితాలు చల్లితే తెలుగు సినిమాలు వెయ్యనని మేనేజర్ పోయిన వారమే చెప్పింది. ఈ పరాయి దేశపు థియేటర్లో నాకు దొరికే షిఫ్టులన్నీ ఆ ఆటల తర్వాత ఊడ్చేవే. అందుకే ఇవాళ సినిమా మొదలవకముందే ప్రతి వరసకీ వెళ్ళి చల్లొద్దని బతిమాలాను.

"నువ్వూ తెలుగోడివే కదా బ్రో, ఎంజాయ్ చెయ్," అన్నారు. హీరో రాగానే సంచులకొద్దీ చల్లారు.

ఆట అయ్యాక నేను సీట్ల కింద దూరి ఏరుతుంటే, నా నెత్తి మీదే నిలబడి వాదించుకున్నారు.

"ఫస్టాఫ్ అదుర్స్ రా!"

"సెకండాఫే ల్యాగ్. ఆ చెల్లెలి సెంటిమెంట్ లేపేస్తే సరిపోయేది."

ఆ చెల్లెలి సీను తలుపు దగ్గర నిలబడి చూసి నేను ఏడ్చాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. అంతలో మేనేజర్ వచ్చి నేలంతా చూసింది. తెలుగు ఆట ఇదే ఆఖరు అంది.

అదే వాళ్ళకి చెప్పాను. ఒకడు నా భుజం తట్టాడు.

"ఫీలవకు బ్రో, ఏ సినిమా అయినా నెలాగితే ఓటీటీలో వచ్చేస్తుందిగా."

చీపురు తీసి వాడి మొహాన కొట్టాల్సింది. కొట్టలేదు.

వచ్చే వారం షిఫ్టుల రోస్టర్ ఫోన్‌కి వచ్చే ఉంటుంది. తెరిచి చూడ్డానికి ధైర్యం చాలడం లేదు...