కొట్టంలో మేకుకు వేలాడే పిస్తోలు

డర్హమ్, న్యూ హాంప్‌షైర్
2 అక్టోబరు 1986

నాన్నా,

పద్దెనిమిదో తేదీ శనివారం పిస్తోళ్లతో ఒకరిమీద ఒకరు రంగు గుళ్లు పేల్చుకునే ఆటకు మా కాలేజీలో అమ్మాయిల జట్టును ఎంపిక చేస్తారు. సొంత పిస్తోలు లేనివాళ్లను ఆడనివ్వరు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

గుళ్లలో ఉండేది రంగేనని అమ్మకు చెప్పు. ఉన్న డబ్బుతో ముందు కళ్లూ ముఖమూ కప్పే మంచి ముసుగు కొన్నాను. మిగిలినదానికి పిస్తోలు రాదు.

నిన్న షాపులో అన్నిటికంటే చవకది చేతిలోకి తీసుకోగానే నవ్వొచ్చింది.

"ఏమ్మా, నచ్చలేదా?" అన్నాడు షాపాయన.

"నచ్చకేం! మా నాన్న దూరం నుంచి ఆవుల మీద రంగు గుర్తులు వేసేది ఇలాంటి దాంతోనే."

"మరి నా దగ్గరికెందుకొచ్చావు? ఇంటికెళ్లి తెచ్చుకో!"

నాతో షాపుకొచ్చిన బెట్సీ, నా గదిలో ఉండే అమ్మాయి, ఊరుకుంటుందా? "ఆవులు నిలబడతాయే, ఆటలో అవతలివాళ్లు పరిగెత్తుతారు. చూసుకో!" అంది.

కొట్టంలో పాల క్యాన్ల పైన మేకుకు వేలాడేదే నాకు కావాలి. ఒకసారికి ఒక్క గుండు మాత్రమే పేలుతుంది కాబట్టి గుళ్లు వృథా కావు, కొత్తగా నేర్చుకునేదానికి అదే మేలు. రబ్బరు వాషర్లు అరిగి ఉంటే నేనే మార్చుకుంటాను. మంద మొత్తం అమ్మేసిన రోజు చివరి గుర్తులు వేశాక నువ్వు దాన్ని ముట్టుకోలేదని తెలుసు. ఇక నన్ను దాన్ని ముట్టుకోనివ్వు.

అమ్మ మోకాలికి కాపడం పెడుతోందా? తమ్ముడు రోలాండ్ బడి ఎగ్గొట్టడం లేదు కదా? నా చదువుకు లోటు రానివ్వను.

అందరికీ ముద్దులు. పదకొండో తేదీలోగా జవాబు రాయి. వద్దన్నా సరే, రాయి. వేరే దారి వెతుక్కుంటాను గాని, ఆడటం మానను.

నీ క్లోడెట్